డిసెంబరులో న్యూరెంబర్గ్ పాత ఊరి నడక: అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

నవంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల దగ్గరికి విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు దిగుతుంటారు. క్రిస్మస్ సంత చూపిద్దాం అనుకోగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది న్యూరెంబర్గ్. కోట, ప్రాకారం, ఎర్రటి పెంకుల పైకప్పులు, మధ్యలో హవుప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకు, అందులో ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క దుకాణాలు. గైడ్‌తో కలిసి రెండు గంటలు నడిస్తే ఊరంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నిజంగా చూడాల్సిన నడక.

ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మావాళ్లతో, స్నేహితుల అమ్మానాన్నలతో చాలాసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి మా అమ్మ విషయంలో పెద్ద పొరపాటు చేశాను. మంచి కోటు కొన్నాను, మఫ్లర్ కొన్నాను, కాళ్ల సంగతి మాత్రం ఆలోచించలేదు. ఊరి నుంచి వేసుకొచ్చిన క్యాన్వాస్ బూట్లతోనే నడిపించాను. గంటన్నరకే ఆమెకు కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. కోట దిగేటప్పుడు జారి మణికట్టు మీద పడింది. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు కానీ ఉన్న రెండు వారాలూ చేతికి కట్టుతోనే గడిపింది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. పేరుకు నడక గాని, ఇందులో నిలబడేదే ఎక్కువ. గైడ్ ఒక్కోచోట పది నిమిషాలు ఆగి కథ చెప్తారు. నడుస్తున్నంతసేపు ఒళ్లు వేడిగానే ఉంటుంది, ఆగిన చోటే చలి ఎక్కుతుంది. అందుకని బట్టలైనా, బూట్లయినా, మందులైనా నిలబడటానికి సరిపడేలా చూసుకోవాలి.

చలి ఎలాంటిది?

లంబసింగి చలి చూశాం, ఆదిలాబాద్ చలి చూశాం, ఇదెంత అని నాన్నలు అంటుంటారు. అక్కడ పొద్దెక్కితే ఎండ వస్తుంది. ఇక్కడ డిసెంబరులో ఎనిమిదింటికి తెల్లవారి, నాలుగుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. మధ్యలో సూర్యుడు కనిపించని రోజులే ఎక్కువ. తెల్లటి మంచు ఊహించుకుని వస్తారు గాని, ఎక్కువగా కనిపించేది రెండు మూడు డిగ్రీల తడి చలి, సన్నటి చినుకు. పొడి మంచు కంటే ఇదే ప్రమాదం. పగలు రాళ్ల మీద చేరిన తడి, సాయంత్రం చలి సున్నా కిందికి పడగానే గడ్డకట్టి, కంటికి కనిపించని మంచు పొరగా మారుతుంది.

ముందు పాదాలు

రాతి నేల పాదంలోని వేడిని లాగేస్తుంది. కాబట్టి మందపాటి రబ్బరు అడుగు, లోతైన గాళ్లు, చీలమండ దాకా వచ్చే బూట్లు కావాలి. అరసైజు పెద్దవి తీసుకోండి. రెండు జతల సాక్సులు తొడిగి బిగుతు బూట్లో కాలు దూరిస్తే రక్తం సరిగా ఆడదు, చలి ఇంకా ఎక్కువవుతుంది. ఒక జత మందపాటి ఉన్ని సాక్సులు, లోపల వేళ్లు ఆడించేంత ఖాళీ ఉంటే చాలు. కొత్త బూట్లయితే నాలుగైదు రోజులు ఇంట్లో, వీధిలో తొడిగి అలవాటు చేయండి. జర్మనీలో ఆదివారం బూట్ల షాపులు మూసేస్తారని మర్చిపోవద్దు. శనివారం రాత్రి విమానం దిగినవాళ్లను ఆదివారమే నడకకు తీసుకెళ్తూ, దారిలో కొందాంలే అనుకుంటే కుదరదు.

ఆగిన చోట మడమలు లేపుతూ దించుతూ ఉండమనండి, బూట్లో వేళ్లు ముడిచి విప్పమనండి. గైడ్ ఏమీ అనుకోరు, వాళ్లూ అదే చేస్తుంటారు. దుకాణాల ముందు చెక్క పలకలు పరిచి ఉంటే వాటి మీద నిలబడటం మేలు.

ఒంటి మీద మొదటి పొరగా నూలు బనియన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగగానే వణుకు పుట్టిస్తుంది. థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెట్టర్, పైన గాలీ వానా ఆపే జర్కిన్. షాపులోకో చర్చిలోకో వెళ్లగానే జిప్ తీసేయాలి. లోపల చెమట పట్టి బయటికి వస్తే జలుబు ఖాయమని మా అమ్మ మాట. కారణం ఏమైనా, చలి మాత్రం రెట్టింపవుతుంది. మంకీ క్యాప్ తెచ్చుకుంటే మానమని ఒత్తిడి చేయకండి, చెవులకు దానికి మించింది లేదు.

చీర కట్టుకునే అమ్మలకు ఒక మాట. కుచ్చిళ్ల అంచు తడిస్తే బరువెక్కుతుంది, మెట్ల మీద కాలికి అడ్డం పడుతుంది. ఈ రెండు గంటలకు థర్మల్ ప్యాంటు మీద పంజాబీ డ్రెస్ అయితే హాయి. చీరే కావాలంటే చీలమండ పైకి కట్టి, లోపల లెగ్గింగ్స్, కింద బూట్లు. ఫోటోలో బాగుండదన్న బెంగ ఉంటే ఫోటోలు నడక మొదలయ్యే ముందే తీసేయండి.

ఏ రోజు, ఏ వేళ

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదాని ముందు శుక్రవారం సంత మొదలై, డిసెంబరు 24తో ముగుస్తుంది. ఆ తొలి శుక్రవారం సాయంత్రం ఫ్రావెన్‌కిర్షె చర్చి బాల్కనీ మీద బంగారు జుట్టు, బంగారు కిరీటంతో క్రిస్ట్‌కిండ్ (బాలయేసు పేరుతో సంతను ప్రారంభించే పాత్ర) నిలబడి స్వాగత పద్యం చెప్తుంది. రెండేళ్లకోసారి ఊరి అమ్మాయిల్లోంచి ఆమెను ఎన్నుకుంటారు. 2019లో ఎన్నికైన అమ్మాయి తండ్రి భారతీయుడు. చూడముచ్చటైన ఘట్టమే. కానీ చౌకు కిక్కిరిసిపోతుంది, మధ్యలోంచి బయటికి రావడం కష్టం. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో ఆ సాయంత్రం వెళ్లొద్దు. శని, ఆదివారాల సాయంత్రాలు కూడా దాదాపు అంతే.

నా సలహా, మంగళ బుధవారాల్లో ఉదయం పదకొండుకు మొదలయ్యే నడక. మధ్యాహ్నం పన్నెండుకు ఫ్రావెన్‌కిర్షె గడియారం దగ్గర ఏడుగురు ఎలెక్టర్ల (అప్పట్లో చక్రవర్తిని ఎన్నుకునే పెద్దలు) బొమ్మలు చక్రవర్తి చుట్టూ తిరిగేది చూడొచ్చు. వెలుగుండగానే కోట ఎక్కి దిగొచ్చు. దీపాలు చూడాలంటే కాసేపు ఎక్కడైనా వెచ్చగా కూర్చుని, నాలుగున్నరకు మళ్లీ చౌకుకు రండి. చీకట్లో ఏటవాలు దారి మాత్రం పెట్టుకోవద్దు.

పిల్లలుంటే పక్కనే హాన్స్ జాక్స్ చౌకులో వాళ్లకోసం రంగులరాట్నాలతో వేరే చిన్న సంత ఉంటుంది. జనం కాస్త పలచగా ఉంటారు. ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు చెప్పుకోండి. చౌకులో ‘అందమైన ఫౌంటెన్’ (షోనర్ బ్రున్నెన్) అనే పేరున్న ఫౌంటెన్ దగ్గర అని మాత్రం చెప్పుకోవద్దు. దాని కంచెకున్న ఇత్తడి కడియం తిప్పితే కోరిక తీరుతుందని అందరూ అక్కడే మూగుతారు. చర్చి వెనక వైపో, దగ్గర్లోని బేకరీ ముందో అనుకుంటే మంచిది.

బ్యాక్‌ప్యాక్ ముందుకు తగిలించుకోండి. పర్సు, పాస్‌పోర్టు జర్కిన్ లోపలి జేబులో. ఇంటి నుంచి పండ్లు తెచ్చుకుని కోసుకుందామని చాకు సంచిలో వేసుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. 2024 అక్టోబరు నెలాఖరు నుంచి ఇలాంటి సంతల్లోకి చాకులు తీసుకెళ్లడం నిషేధం. ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకోండి.

జారే చోట్లు

రైల్వే స్టేషన్ నుంచి లోరెంజ్ చర్చి దాకా దారి సుళువు. పెగ్నిట్స్ నది వంతెన మీద గాలి కోస్తుంది, అక్కడ ఫోటోలకు గ్లౌజులు తీసి ఎక్కువసేపు ఉండొద్దు. చౌకు దాటి జేబాల్డ్ చర్చి దగ్గర్నుంచి కోటకు ఎక్కే దారి అసలు కష్టం. ఏటవాలు, అరిగి నున్నబడిన రాళ్లు. ఎక్కేటప్పుడు ఆయాసమే, ప్రమాదం దిగేటప్పుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లుంటే మొదట్లోనే గైడ్‌కు చెప్పి, వాళ్లను జేబాల్డ్ చర్చి లోపల కూర్చోబెట్టి వెళ్లండి. మొహమాటపడి ఎక్కించొద్దు.

దిగేటప్పుడు అడుగు చిన్నగా, పాదం మొత్తం ఆనించి, ఒంటి బరువు ముందు కాలి మీద వేసి నడవాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు, జారితే ఆసరా దొరకదు. గోడ పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంటే అటే నడవండి. మంచు పడ్డ రోజైతే బూట్ల కింద తొడుక్కునే ముళ్ల రబ్బరు పట్టీలు దొరుకుతాయి, కొనండి. చర్చిలోకి, షాపులోకి వెళ్లేటప్పుడు అవి తీసేయాలి, నున్నటి నేల మీద అవే జారతాయి. మంచు కరుగుతున్న రోజు ఇళ్ల చూరు కింద నిలబడవద్దు. పైకప్పు నుంచి మంచు గడ్డ ఒక్కసారిగా ఊడిపడుతుంది.

తిండి, తాగుడు

గ్లూవైన్ అంటే వేడి మసాలా ద్రాక్షసారా. లవంగం, దాల్చినచెక్క వాసనకు మన కషాయంలా ఉంటుంది, చలికి మంచిదని పెద్దవాళ్లు గబగబా తాగేస్తారు. తాగగానే చర్మం వెచ్చబడుతుంది, అదే సమయంలో ఒంటి వేడి బయటికి పోతుంది. ఏటవాలు దిగాల్సి ఉంటే ముందు అస్సలు వద్దు. బీపీ, షుగరు మందులు వేసుకునేవాళ్లు మానడమే మేలు. పిల్లలకు, తాగనివాళ్లకు కిండర్‌పున్ష్ అని అడగండి, అందులో ఆల్కహాల్ ఉండదు. కప్పుకు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఇచ్చేస్తారు.

వేలెడంత సాసేజీలు మూడు బన్నులో పెట్టి అమ్మేది ఈ ఊరి ప్రత్యేకం, అది పంది మాంసం. మాంసం తిననివాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు కూడా కలిసే ఉంటుంది. గుడ్డు కూడా వద్దంటే వేగన్ అని అడగాలి. కాల్చిన చెస్ట్‌నట్ కాయలు అందరికీ పనికొస్తాయి, జేబులో వేసుకుంటే చేతులూ వెచ్చబడతాయి. ఎలీజెన్ లెబ్‌కూఖెన్ అనే ప్రసిద్ధ మసాలా బిస్కెట్ బిళ్లల్లో కనీసం నాలుగో వంతు బాదం, హేజెల్‌నట్, వాల్‌నట్ లాంటి పప్పులే. అలర్జీ ఉన్న పిల్లలకు దూరంగా పెట్టండి.

టాయిలెట్‌కు వెళ్లాల్సొస్తుందని అమ్మలు నీళ్లు మానేస్తారు. చలిలో అసలే ఒంటికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది, పైగా నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి. నడకకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ఎక్కడ ఆగుతారో గైడ్‌ను అడగండి, చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. చిన్న ఫ్లాస్కులో వేడి నీళ్లు తప్పనిసరి.

మందులు ఉన్నవాళ్లకు

ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. పెన్ను బ్యాగులో కాదు, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉండాలి. షుగరు మీటరు కూడా అంతే, చల్లబడితే ఎర్రర్ చూపిస్తుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు హాట్‌ప్యాక్ (వేడినిచ్చే చిన్న పొట్లం) నేరుగా చర్మానికి ఆనించొద్దు, కాలినా తెలియదు. ఉబ్బసం ఉంటే మఫ్లర్ ముక్కుకు అడ్డం పెట్టుకుని ముక్కుతోనే గాలి పీల్చాలి, ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండె జబ్బున్నవాళ్లు కోట ఎక్కడం గురించి బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం లాంటివి ఉంటే గ్యాస్ అనుకుని కూర్చోకండి.

వీసాకు తీసుకున్న ఇన్సూరెన్సు కాగితం ఫోటో అందరి ఫోన్లలో ఉంచండి. చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా పడిపోతుంది కాబట్టి మీ నంబరు, ఇంటి చిరునామా రాసిన కాగితం అమ్మానాన్నల జేబుల్లో ఒక్కొక్కటి పెట్టండి.

వేళ్లు కొంకర్లు పోయి, తెల్లబడి, స్పర్శ లేకపోతే రుద్దకండి. లోపలికి తీసుకెళ్లి చంకల్లో పెట్టి మెల్లగా వెచ్చబడనివ్వండి. వణుకు ఆగి, మాట ముద్దముద్దగా వస్తూ, మనిషి మత్తుగా ఉంటే వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. ఎవరైనా పడితే గబాలున లేపొద్దు. ఎక్కడ నొప్పో అడిగి, తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు మోపలేకపోయినా కదపకుండా కోటు కప్పి అదే నంబరుకు చేయండి. ప్రాణాపాయం కాని ఇబ్బందికి డాక్టర్ల క్లినిక్‌లు మూసిన వేళల్లో 116117 నంబరు ఉంది.

ఒక్క చోట మాత్రం

చలేస్తోంది, తొందరగా కానివ్వమని గైడ్‌ను కంగారు పెట్టకూడని చోటు ఒకటుంది, ఫ్రావెన్‌కిర్షె ముందు. ఈ చౌకు ఒకప్పుడు యూదుల వాడ. 1349 డిసెంబరు 5న ఇక్కడి యూదుల్ని 560 మందికి పైగా చంపేశారు. వాళ్ల ఇళ్లు కూల్చి ఈ సంత చౌకు చేశారు, ప్రార్థనా మందిరం ఉన్న చోట ఈ చర్చి కట్టారు. చాలామందికి ఆ సంగతి తెలియదు. 1945 జనవరి 2న బాంబులు పడి పాత ఊరు దాదాపు 90 శాతం నేలమట్టమైందని, మనం మధ్యయుగం అనుకుని చూస్తున్నదాంట్లో చాలా భాగం మళ్లీ కట్టిందేనని కూడా చాలామంది గైడ్‌లు ఇక్కడే చెప్తారు. ఈ కథ నిలబడి వినాలి. అందుకే ఇక్కడికి వచ్చేముందు అందరికీ ఫ్లాస్కులోంచి తలో గుక్కెడు వేడినీళ్లు పోయండి, గ్లౌజుల్లో కొత్త హాట్‌ప్యాక్‌లు పెట్టండి. మా నాన్న వచ్చిన రోజు ఈ కథ విని ఇక్కడ టోపీ తీసి నిలబడ్డారు. వద్దనలేదు, నా మఫ్లర్ ఆయన తలకు చుట్టాను.

ఇంటికొచ్చాక

పాదాలు మరీ వేడి నీళ్లలో పెట్టొద్దు, గోరువెచ్చటివి చాలు. షుగరున్నవాళ్ల పాదాలు మీరే పట్టుకుని చూడండి, బొబ్బలు, ఎర్రటి మచ్చలు ఉన్నాయేమో. బూట్లలో పాత పేపర్లు కుక్కి హీటర్‌కు కాస్త దూరంగా పెట్టండి. మధ్యలో ఒకసారి పేపర్లు మారిస్తే మర్నాడు పొద్దున్నకల్లా ఆరిపోతాయి.