విండోస్ పక్కన ఉబుంటు: ముందు సీ డ్రైవ్‌లో జాగా తీయాలి కదా

మా మేనల్లుడు బీటెక్ మూడో ఏడు. కాలేజీ ల్యాబ్‌లో అంతా లైనక్సే అట, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కూడా కావాలన్నాడు, కానీ గేమ్‌లున్నాయి కాబట్టి విండోస్ 11 పోకూడదు. ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించడానికి మాకు అరగంట కూడా పట్టలేదు. దానికి చోటు చేయడానికి మాత్రం ఒక సాయంత్రం మొత్తం పోయింది. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ సాయంత్రం గురించే రాస్తున్నా.

వాడిది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్‌లో 476 అనే చూపిస్తుంది, షాపువాడు మోసం చేశాడనుకోకండి, కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో, అంతే తేడా. ఉబుంటు 24.04కి కనీసం 25 జీబీ చాలంటారు, చాలుతుంది కూడా, కానీ నాలుగు సాఫ్ట్‌వేర్లు వేయగానే ఊపిరాడదు. మేం 80 తీద్దామనుకున్నాం.

అన్నిటికంటే ముందు ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇది అందరూ చెప్పేదే, నేనూ వినేవాణ్ణి కాదు. కొన్నేళ్ల కింద పాత డెస్క్‌టాప్‌లో డీ డ్రైవ్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుపుతుంటే వాన మొదలై కరెంటు పోయింది, ఇన్వర్టర్ లేదు, డీ డ్రైవ్ మళ్లీ తెరుచుకోలేదు. అందులో మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

తర్వాత చూడాల్సింది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం ఆన్ చేయకపోయినా అది ఆన్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, అక్కడ చూడండి. ఆన్‌లో ఉండగా బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) ఏదైనా మార్చారంటే, తర్వాతిసారి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి (అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే ఏం లాభం?). నన్నడిగితే పని మొదలుపెట్టే ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగడం మంచిది, ఎందుకంటే బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్‌ని ఉబుంటు ఇన్‌స్టాలర్ ముట్టుకోలేదు.

ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ నిజంగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంచుతుంది, అప్పుడు లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయడం కుదరదు.

ఇక అసలు పని

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. మీకు డీ డ్రైవ్ కూడా ఉండి అందులో ఖాళీ ఉంటే సీ జోలికే వెళ్లొద్దు, డీలోంచి తీసుకోండి, సిస్టమ్ ఫైళ్లు అక్కడ ఉండవు కాబట్టి మామూలుగా అడిగినంత ఇస్తుంది. మావాడికి ఉన్నది సీ ఒక్కటే. దాని మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఇక్కడ అడిగే అంకె ఎంత తగ్గించాలి అని, ఎంత మిగలాలి అని కాదు. అదీ ఎంబీల్లో, అంటే 80 జీబీకి 81920.

"మావయ్యా, 300 జీబీ ఖాళీ ఉంటే 9 జీబీయే ఇస్తానంటోందేంటి?" అన్నాడు. దాదాపు అందరూ ఆగిపోయేది ఇక్కడే. పొలం గట్టు లోపలికి జరపాలంటే మధ్యలో బావి ఉందనుకోండి, ఆ బావి దాకానే జరపగలం, దాని ఇవతల ఎంత బీడు ఉన్నా లాభం లేదు. డిస్క్‌లోనూ అలాంటి బావులుంటాయి: హైబర్నేషన్ ఫైలు (పడుకునే ముందు విండోస్ తన స్థితి దాచుకునేది), పేజింగ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది), సిస్టమ్ రీస్టోర్ దాచుకున్న కాపీలు. నడుస్తున్న విండోస్ వీటిని కదపలేదు. ఏ ఫైలు అడ్డొస్తోందో తెలుసుకోవాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ చూడండి, కదలని చివరి ఫైలు పేరు అందులో ఉంటుంది.

మేం చేసిందిది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాం, హైబర్నేషన్ ఫైలు పోయింది, దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పేజింగ్ ఫైలుని నో పేజింగ్ ఫైల్ చేశాం, సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపేసి పాత రీస్టోర్ పాయింట్లు తీసేశాం. రీస్టార్ట్. మళ్లీ ష్రింక్ తెరిస్తే 140 జీబీ దాకా ఇస్తానంది. 80 తీసుకుని, తర్వాత పేజింగ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ రెండూ మళ్లీ ఆన్ చేసేశాం. ఈ ఆన్ చేయడం మర్చిపోకండి.

ఇప్పుడు సీ పక్కన నల్ల గీతతో అన్అలొకేటెడ్ అని కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. చాలామంది ఉత్సాహంగా న్యూ సింపుల్ వాల్యూమ్ కొట్టి దానికో అక్షరం ఇచ్చేస్తారు, అప్పుడది ఇంకో విండోస్ డ్రైవ్ అయిపోతుంది, ఇన్‌స్టాలర్‌కి ఖాళీ కనిపించదు. పాత మెషీన్లలో డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటే ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లో చేసే భాగాలు) నాలుగే పడతాయి. అక్కడ ఐదోది చేయబోతే డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను, సరేనా అంటుంది. సరే అనొద్దు.

ఇంత చేసినా ఇవ్వకపోతే పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రాం ఉంది, ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వాడొచ్చు. పార్టిషన్ కుడి అంచు తగ్గించడం మామూలుగా త్వరగానే అయిపోతుంది. ఎడమ అంచు జరపడమంటే మాత్రం లోపలి డేటా అంతా మోసుకెళ్లి పక్కన పెట్టడమే, గంటలు పడుతుంది, చార్జర్ పెట్టకుండా మొదలుపెట్టొద్దు. మా అక్క పెళ్లి ఫొటోల కథ ఇదే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

రూఫస్ అనే ప్రోగ్రాంతో ఉబుంటు పెన్‌డ్రైవ్ చేసుకుని బూట్ చేయండి. ఎరేజ్ డిస్క్ అన్న ఆప్షన్ నొక్కారా, విండోస్ గోవిందా. మేం మాన్యువల్ ఎంచుకుని, ఫ్రీ స్పేస్ అన్న చోట ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైళ్లు పెట్టుకునే పద్ధతి) పార్టిషన్ ఒకటి చేసి మౌంట్ పాయింట్‌గా ఒక్క స్లాష్ ఇచ్చాం. స్వాప్‌కి (ఉబుంటు ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు ఫైలు చేసుకుంటుంది. ఈఎఫ్‌ఐ అని బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్ ముందే ఉంటుంది, రెండు సిస్టమ్‌లూ దాన్నే పంచుకుంటాయి, ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టొద్దు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అసలు డిస్కే కనిపించకపోవచ్చు. అప్పుడు బయోస్‌లో స్టోరేజ్‌ని ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి (రెండూ డిస్క్‌ని నడిపే పద్ధతులే) మార్చాలి, కానీ దానికి ముందే విండోస్‌లో సేఫ్ బూట్ టిక్ చేసి రండి, లేకపోతే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. మార్చాక సేఫ్ మోడ్‌లో ఒకసారి ఎక్కి ఆ టిక్ తీసేయాలి.

అంతా అయ్యాక మావాడు రాత్రి తొమ్మిదికి విండోస్ తెరిస్తే గడియారం మూడున్నర అంటోంది. ఏమీ పాడవలేదు. ఉబుంటు మెషీన్ గడియారంలో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది, సరిగ్గా అయిదున్నర గంటలు వెనక (అమెరికాలో ఉన్నవాళ్లకి ముందుకి పరిగెడుతుంది). ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని, ఇదీ ఇంగ్లిష్‌లోనే, కొడితే సర్దుకుంటుంది. బూట్ మెనూలో విండోస్ కనిపించకపోతే ముందు బయోస్ బూట్ లిస్టులోంచి ఎక్కి చూడండి, అది ఎక్కడికీ పోయి ఉండదు.

కొన్నాళ్లకి ఉబుంటు వద్దనుకుంటే నేరుగా పార్టిషన్ లేపేయకండి, గ్రబ్ (ఉబుంటు పెట్టే బూట్ మెనూ ప్రోగ్రాం) అని నల్ల స్క్రీన్ దగ్గర ఇరుక్కుంటారు. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిలీట్ చేసి, సీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కొట్టండి. ఆ మాట బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే, సీకి ఖాళీకి మధ్య ఇంకేదో పార్టిషన్ అడ్డం ఉన్నట్టు. ఖాళీ సీకి కుడి పక్కన ఆనుకునే ఉండాలి.