తుంటి టక్కుమంటోందా? ముందు చప్పుడు ఎక్కడో చూడండి

స్ట్రెచింగ్ చేసేటప్పుడు తుంటిలో టక్కుమంటే ఎముక అరిగిందని హడలిపోనక్కర్లేదు. నొప్పి లేకపోతే అది చాలావరకు బిగుసుకున్న టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) ఎముక గుబ్బ మీంచి జారిన చప్పుడే.

ప్యాంటు పక్క జేబు మీద అరచెయ్యి పెట్టి కాలు ముందుకీ వెనక్కీ ఊపండి. చేతికింద గట్టి పట్టీ దొర్లినట్టు తగిలితే అది ఐటీ బ్యాండ్, తొడ పక్కన తుంటి నుంచి మోకాలి దాకా సాగే పట్టీ (పేరు కలిసింది గానీ ఉద్యోగంతో చుట్టరికం లేదు). గజ్జల్లో అయితే వెల్లకిలా పడుకుని, మోకాలు మడిచి బయటికి వాల్చి, అక్కణ్నుంచి కాలు మెల్లగా చాపండి. మధ్యలో దబ్బుమంటే తుంటిని మడిచే సోయాస్ కండరం టెండన్ అనుకోవచ్చు. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుతూ గంట, ఆపైన కుర్చీలో ఎనిమిది గంటలు తుంటి మడిచే ఉంచితే ఆ కండరం బిగుసుకోక ఏం చేస్తుంది?

బిగుతు ఎంతో తెలియడానికి పీజీ గదిలో మంచం చాలు. అంచున కూర్చుని వెనక్కి పడుకుని, ఒక మోకాలు ఛాతీకి హత్తుకోండి. రెండో కాలు వేలాడాలి. దాని తొడ పరుపుకి ఆనకుండా పైకి లేచి ఉంటే సోయాస్ బిగుతు. తొడ ఆనినా మోకాలు మడత పడకపోతే తొడ ముందు కండరం బిగుతు.

సోయాస్‌కి ఒంటి మోకాలి మీద నిలబడే స్ట్రెచ్ మంచిది. టైల్స్ మీద అయితే మోకాలి కింద మడిచిన దుప్పటి వేసుకోండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే: నడుము విరిచి ముందుకు వాలిపోతారు. సాగేది నడుమే, తుంటి కాదు. ముందు మోకాలు నేలకి ఆనిన వైపు పిరుదు బిగించి, తోకెముకను కిందికి లాగి, తర్వాత రెండంగుళాలు మాత్రమే ముందుకు జరగండి. లాగుడు తొడ మొదట్లో తెలియాలి. 30 సెకన్లు, ఒక్కో వైపు 3 సార్లు.

సాగదీస్తే సరిపోదు, బలం కావాలి. వారానికి మూడు రోజులు సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం) 10 చొప్పున 3 సెట్లు, పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం 12 చొప్పున 2 సెట్లు. కాలి వేళ్లు ముందుకే చూడాలి. పైకప్పు వైపు తిరిగితే పని పిరుదు పక్క కండరాన్ని వదిలి తొడ ముందుకి పోతుంది. ఆరేడు వారాలు పడుతుంది. ఈలోగా ఎవరికో వినిపించడానికని పదేపదే టక్కుమనిపించకండి, లోపల వాస్తుంది.

బాసింపట్టులో మోకాళ్లు కిందికి రాకపోవడానికి బిగుతొక్కటే కారణం కాదు, తుంటి గిన్నె లోతు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. గజ్జల్లో గిల్లినట్టు నొక్కుకుంటే ఎముకకి ఎముక తగులుతుండొచ్చు, అక్కడితో ఆపండి. మోకాళ్లు అదిమే యోగా టీచరుకి వద్దని చెప్పండి. తుంటి తిరగనంటే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. పిరుదుల కింద నాలుగంగుళాల దిండు పెట్టుకుంటే చాలు.

కీలు పట్టేసినట్టు ఇరుక్కున్నా, రాత్రి నొప్పి లేపినా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడినవాళ్లూ, మద్యం బాగా తాగేవాళ్లూ గజ్జల నొప్పిని స్ట్రెచింగ్‌తో సరిపెట్టుకోకూడదు. తొడ ఎముక తలకి రక్తం అందకపోయినా నొప్పి అక్కడే మొదలవుతుంది. తొలి దశ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి.