సైకిల్ రేసులో, ఊరి కబడ్డీలో ఫొటోలు తీయాలంటే ముందు చోటు చూసుకోండి

కెమెరా పట్టుకుని మొదటిసారి మౌంటెన్ బైక్ (కొండదారుల్లో తొక్కే సైకిల్) రేసుకి వెళ్దామనుకునేవాళ్లు అందరూ అడిగేది ఒకటే, ఏ లెన్స్ కొనాలి అని. ఇప్పుడే ఏమీ కొనకండి. కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్, దొరికితే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్న 55-250 ఎంఎం జూమ్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది), మొదటి ఏడాదికి ఇవి చాలు. మంచి ఫొటోకీ మామూలు ఫొటోకీ తేడా చాలావరకు మీరు నిలబడిన చోటులోనే ఉంటుంది, ఆ తర్వాత వెలుగు, కెమెరా వంతు ఆఖర్న వస్తుంది. చోటుకి డబ్బు ఖర్చు కూడా ఉండదు, కాకపోతే బాగా నడవాలి.

రేసుకి కనీసం గంట ముందే చేరుకుని ట్రాక్ అంతా, కుదరకపోతే సగమైనా, కాలినడకన చూసి రండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి చోట ఎర్రమట్టి, వేర్లు, రాళ్లు, మధ్యలో చెట్ల నీడ, అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి పది నిమిషాల నడకలోనే మూడు నాలుగు రకాల ఫొటోలకి చోట్లు కనిపిస్తాయి. చూడాల్సినవి ముఖ్యంగా రెండు: రైడర్ ఎక్కడ కష్టపడతాడు, వాడి వెనకాల ఏం కనిపిస్తుంది. ఎంత గొప్ప జంప్ అయినా వెనకాల వరసగా పార్క్ చేసిన కార్లు, నీళ్ల క్యాన్లు ఉంటే ఫొటో అక్కడే పోయింది. రెండడుగులు పక్కకి జరిగితే, లేదా కింద కూర్చుంటే, అవన్నీ పొద వెనక్కి పోతాయి.

1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న క్రాస్ కంట్రీ రకం రేసు అయితే ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తొక్కుతారు, అంటే మీకూ మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది. మొదటి చుట్టులో అందరూ గుంపుగా, దుమ్ము రేపుకుంటూ వస్తారు కాబట్టి గుంపు ఫొటో అప్పుడే తీసేయాలి. రెండో చుట్టు నుంచి విడిపోతారు, ఒక్కొక్కరు ఎంతెంత సేపటికి వస్తున్నారో లెక్క తెలిసిపోతుంది, అప్పుడు చోటు మార్చుకోండి. డౌన్‌హిల్‌లో, అంటే కొండ మీంచి కిందకి దిగే రేసులో, ఆ సౌకర్యం లేదు, ఒక్కో రన్‌లో రైడర్ మీ ముందు నుంచి ఒక్కసారే పోతాడు. అందుకని ప్రాక్టీస్ రన్‌లు జరిగేటప్పుడే వెళ్లి చోటు ఖాయం చేసుకోవాలి.

ఇక అందరినీ ఏడిపించే విషయం, వాలు. కళ్ల ముందు గుండె జారిపోయేంత నిటారుగా ఉన్న దిగుడు ఫొటోలో చూస్తే కాలనీ రోడ్డులా చదునుగా కనిపిస్తుంది. పైనుంచి కిందకి చూస్తూ తీసినా, కింద నుంచి సూటిగా ఎదురుగా తీసినా అంతే. పక్క నుంచి తీయండి. కెమెరా వంచకుండా, ఫ్రేములో నిటారుగా ఉన్న ఒక చెట్టు మొదలు వచ్చేలా చూసుకోండి, ఆ చెట్టు పక్కన సైకిల్ ఎంత వంగి ఉందో చూసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. కావాలని కెమెరా వంచి వాలు పెంచేవాళ్లూ ఉన్నారు, కానీ చెట్లన్నీ ఒకే పక్కకి వాలిపోయి ఆ పని ఇట్టే బయటపడిపోతుంది. ఇంకోటి, నేలకి దగ్గరగా కూర్చోండి, మోచెయ్యి మోకాలి మీద ఆనించి. చక్రం నేలని వదిలి లేచినప్పుడు ఆ కింది సందు, అందులోంచి కనిపించే వెలుగు, లేచిన చిన్న రాళ్లు, ఇవేవీ నిలబడి తీస్తే కనిపించవు. నిలబడి తీసినవాడికి అదే జంప్ మామూలుగా రోడ్డు మీద పోతున్నట్టే వస్తుంది.

మలుపు దగ్గర అయితే ఎప్పుడూ లోపలి వైపే ఉండండి. బయటి వైపు నుంచి ముఖం బాగా కనిపిస్తుంది నిజమే, కానీ పట్టు తప్పిన సైకిల్ వచ్చి పడేది కూడా అటే. టేప్ దాటొద్దు, మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి చూసుకునే నిర్వాహకుల మనిషి) విజిల్ వేస్తే మారు మాట్లాడకుండా జరగండి. రైడర్ కళ్లలోకి ఫ్లాష్ అసలే కొట్టొద్దు.

సెట్టింగ్స్ గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. దిగుడులో షట్టర్ 1/1000 (సెకనులో వెయ్యో వంతు) లేదా ఇంకా వేగంగా, ఎక్కుడులో 1/250 నుంచి 1/500 సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రైడర్ నడిచేవాడికంటే కాస్త వేగంగా వస్తాడంతే. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలన్నది) మీరు పెట్టుకుని ఐఎస్ఓని (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలన్నది) ఆటోకి వదిలేయండి, చెట్ల నీడలోంచి ఎండలోకి వచ్చే ట్రాక్‌లో ప్రతిసారీ తిప్పుకుంటూ కూర్చుంటే రైడర్ దాటిపోతాడు. ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలేవాడిని వదలకుండా వెంటాడేలా, ఉండాలి. అయితే దట్టమైన చెట్ల మధ్య కెమెరా మనిషిని వదిలి ఆకుని పట్టుకుంటుంది, అలాంటి చోట సైకిల్ కచ్చితంగా దాటే ఒక రాయి మీద ముందే ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేసి, ముందు చక్రం రాయిని తాకబోతుండగా బటన్ నొక్కండి. పాతకాలం పద్ధతే గానీ చవక కెమెరాతో ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

వేగం కనిపించాలంటే మాత్రం అన్నీ స్తంభించిపోయిన ఫొటోలు పనికిరావు. షట్టర్ 1/60కి, ధైర్యం ఉంటే 1/30కి తగ్గించి, రైడర్‌తో పాటు నడుం తిప్పుతూ తీయండి. బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. మొదట్లో పదిలో తొమ్మిది చెడిపోతాయి, ఎవరికైనా అంతే. దీని సాధనకి రేసు దాకా ఆగక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, పొద్దున్నే వెళ్లి ట్రాక్ బయట నిలబడితే ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు, కప్పు మోసే స్తంభాలు వెనకాల గీతలు గీతలుగా సాగిపోతాయి.

వెలుగు సంగతి రెండు మాటల్లో. పొద్దున, సాయంత్రం సూర్యుడికి ఎదురుగా నిలబడితే రైడర్ లేపిన దుమ్ము మెరుస్తుంది, అదే సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటే ఉత్త మట్టిరంగు. మిట్టమధ్యాహ్నం హెల్మెట్ కింద ముఖం నల్లగా పోతుంది, అప్పుడు ఎండ పడిన మట్టినేల ఉన్న చోటు వెతకండి, నేల మీంచి తిరిగొచ్చే వెలుగు ముఖం మీద పడుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది మాత్రం కబడ్డీ, అదీ సంక్రాంతికి, రాత్రిపూట, లైట్ల కింద. కొత్తవాళ్లు కూతకెళ్లినవాడి ముఖం కోసం డిఫెండర్ల వెనకాలే కూర్చుంటారు. అక్కడ ముఖం బాగానే దొరుకుతుంది, కానీ అసలు కథ నడి గీత దగ్గర తేలుతుంది. కాళ్లు పట్టుకుని నలుగురు మీద పడ్డాక వాడు చెయ్యి చాపి గీతని అందుకోబోతాడు చూడండి, సున్నం గీతకీ వేళ్లకీ మధ్య బెత్తెడు దూరం, పక్కన బెంచీ మీద ఊపిరి బిగబట్టిన జట్టువాళ్లు, ఆ ఫొటో నడి గీత పక్కన కింద కూర్చున్నవాడికే వస్తుంది. అంపైర్ కూడా ఆ గీత చివరే ఉంటాడు కాబట్టి ఆయనకి అడ్డం రాకుండా రెండు మూడడుగులు పక్కకి. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పే, కాబట్టి పెద్ద లెన్స్ అక్కర్లేదు. చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ (తక్కువ వెలుగులోనూ పనికొచ్చేది) ఇక్కడ రాజు.

లైట్లతో ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక రకం లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు గానీ 1/500లో తీస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, తర్వాతది చీకటిగా, ఇంకోటి పసుపుగా వస్తుంది. కెమెరా పాడైందనుకోకండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే బరస్ట్‌లో, అంటే వరసగా చాలా ఫ్రేములు, తీసి మంచిది ఏరుకోండి, లేదా 1/100కి దిగి, కూతకెళ్లినవాడు చెయ్యి చాపి ఒక్క క్షణం ఆగినప్పుడు కొట్టండి. ఐఎస్ఓ 3200, 6400 అయినా భయపడొద్దు, గరుకుగా ఉన్న ఫొటోని ఎవరైనా చూస్తారు, అలుక్కుపోయినదాన్ని ఎవరూ చూడరు.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలుంటాయి, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని ఎడ్ల వయసుని బట్టి విభాగాలు. ఎద్దులు నేలలోకి గిట్టలు దిగేసి బండని కదిలించే మొదటి క్షణమే ఫొటో, కదిలాక అంత ఉండదు. బారికేడ్ లోపలికి వెళ్లొద్దు, ముఖ్యంగా ఎడ్లని వెనక్కి తిప్పే చోటికి. ఎవరిదైనా ట్రాక్టర్ ట్రక్కు ఎక్కనిస్తారేమో అడగండి, పైనుంచి జనం తలలు అడ్డం రావు. అక్కడ దుమ్ములో లెన్స్ మార్చే పని పెట్టుకోకండి, ముందు గాజు మీద దుమ్ము పడితే బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి, కండువాతో తుడిస్తే గీతలు పడతాయి.

ఇంటికొచ్చాక తీసినవన్నీ అప్‌లోడ్ చేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఒకే జంప్‌వి పన్నెండు ఫ్రేములుంటే ఒక్కటి ఉంచండి, మిగతావి ఎవరికీ అక్కర్లేదు. అయితే గెలిచినవాళ్లవే కాకుండా ఆఖర్న వచ్చినవాళ్లవి కూడా తీసి ఉంచండి, వాళ్ల ఫొటో ఇంకెవరి దగ్గరా ఉండదు. పిల్లల పోటీలైతే అమ్మానాన్నలనో పీఈటీ సార్‌నో అడక్కుండా పిల్లల ముఖాలు బయట పెట్టొద్దు. నిర్వాహకులు డబ్బిచ్చి పిలిపించుకున్న ఫొటోగ్రాఫర్ ఉంటే ఆయన ముందుకెళ్లి నిలబడొద్దు, వెళ్లి పలకరిస్తే మంచి చోట్లు ఆయనే చెప్తాడు.

రైడర్ల హ్యాండిల్ మీద నంబర్ ప్లేటు ఉంటుంది, ఫైలు పేరు ఆ నంబరుతోనే పెట్టండి, అప్పుడు ఎవరి ఫొటో వాళ్లు వెతుక్కుంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే అది నొక్కి చిన్నది చేసేస్తుంది, తర్వాత వాళ్లు ఫ్రేము కట్టించుకుందామంటే పనికిరాదు.