దండలను చదవడం – 3వ పాఠం: గంజి, నూలు, ఒకే పూస

గత పాఠంలో చూసిన ప్రోటీన్ల దండలో 20 రకాల పూసలు ఉన్నాయి కనుక ఏ పూస తరువాత ఏది వస్తుందన్నదే అక్కడ ముఖ్యమైంది. ఈ పాఠంలో పూస ఒక్కటే, అది గ్లూకోజ్. కాబట్టి చదవవలసింది పూసను కాదు, పూసకూ పూసకూ మధ్య పడే ముడిని.

పెన్సిలుతో ఒక షడ్భుజిని, కుడికొకటి ఎడమకొకటి కొసలు వచ్చేలా గీయండి. పైన కుడి మూలలో ఆక్సిజన్‌ను ఉంచి, అక్కడి నుంచి గడియారపు ముల్లు తిరిగే దిశలో అంకెలు వేయండి: కుడి కొస 1వ కార్బన్, కింది రెండు మూలలు 2, 3, ఎడమ కొస 4, పైన ఎడమ మూల 5. ఆరవ కార్బన్ వలయంలో ఉండదు, 5వ దాని మీద నిలబడి ఉంటుంది. ఇప్పుడు 4వ కార్బన్‌కు ఉన్న హైడ్రాక్సిల్ సమూహాన్ని (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట, OH; దీన్నే ఇక మీద చేయి అందాం) కిందికి గీయండి. 1వ కార్బన్‌కు ఉన్నది కూడా కిందికే ఉంటే ఆ రూపం ఆల్ఫా, పైకి ఉంటే బీటా.

రెండు ఆల్ఫా గ్లూకోజ్‌లను పక్కపక్కన పెడితే మొదటిదాని 1వ కార్బన్ చేయి, రెండవదాని 4వ కార్బన్ చేయి రెండూ కిందికే ఉంటాయి కనుక అవి తేలికగా కలిసి, మధ్య నుంచి ఒక నీటి అణువు బయటికి పోతుంది. బీటా విషయంలో ఒక చేయి పైకి, మరొకటి కిందికి ఉండడం వల్ల, రెండవ వలయాన్ని బోర్లించి గీస్తే తప్ప ముడి పడదు. ఈ బొమ్మను చేత్తో గీయకుండా, చూసి సరేననుకుని వెళ్లిపోయేవారికి తరువాతి పాఠాలు కష్టమవుతాయి.

ఆల్ఫా ముళ్ల దండ మెలి తిరిగి, చుట్టుకు సుమారు 6 గ్లూకోజ్‌లతో స్ప్రింగులా తయారవుతుంది. ఇది స్టార్చ్‌లోని, అంటే గంజిలో ఉండే పిండిపదార్థంలోని అమైలోజ్. బీటా దండ మాత్రం ఒకటి విడిచి ఒకటి బోర్లుతూ తిన్నగా సాగి, పక్క దండలను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. ఇది సెల్యులోజ్, అంటే దాదాపుగా మన నూలు.

ఈ తేడాను కంటితో చూడవచ్చు. గంజి పెట్టి ఆరవేసిన పాత నూలు గుడ్డ ముక్క మీద ఒక చుక్క టించర్ అయోడిన్ వేస్తే ముదురు నీలం వస్తుంది. గంజి తగలని ఆస్పత్రి దూది మీద వేస్తే అయోడిన్ గోధుమ రంగే మిగులుతుంది. అయోడిన్ అమైలోజ్ స్ప్రింగు లోపల వరుసగా చేరితేనే నీలం పుడుతుంది, తిన్నని సెల్యులోజ్‌లో దానికి అలా చేరే చోటు లేదు. పలుచని గంజిలో అయోడిన్ కలిపి వేడి చేస్తే రంగు పోయి, చల్లారాక తిరిగి వస్తుంది. మరీ మరిగిస్తే అయోడినే ఆవిరైపోతుంది, జాగ్రత్త. గంజి పెట్టిన చీర అంటే గ్లూకోజ్ దండల మీద గ్లూకోజ్ దండల పూతే. అయినా మన లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పూతను కోయగలదు, నూలును కోయలేదు.

ఇక లెక్క. గ్లూకోజ్ అణుభారం 180, నీటిది 18. మూడు గ్లూకోజ్‌ల దండలో ముళ్లు రెండే కనుక 540 నుంచి 36 తీసివేస్తే 504 వస్తుంది. మూడు నీటి అణువులను తీసివేయడం అందరూ చేసే తప్పు. పూసలు ఎన్నైనా, వాటి సంఖ్యను 162తో గుణించి 18 కలిపితే సరిపోతుంది.

స్టార్చ్‌లోనే ఉండే అమైలోపెక్టిన్‌లో 6వ కార్బన్ దగ్గర కొమ్మలు మొదలవుతాయి. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్‌లో ఈ కొమ్మలు మరింత దగ్గర దగ్గరగా ఉంటాయి. దండను విడగొట్టే ఎంజైము 4వ కార్బన్ ఖాళీగా (మరో పూసతో ముడిపడకుండా) ఉన్న కొసల నుంచి పని మొదలుపెడుతుంది కనుక, కొమ్మలు పెరిగితే గ్లూకోజ్ ఒకేసారి అనేక చోట్ల నుంచి విడుదలవుతుంది.

అభ్యాసం: 20 గ్లూకోజ్‌లతో, రెండు కొమ్మలున్న అణువును గీయండి. అణుభారం 3258 రావాలి. 4వ కార్బన్ ఖాళీగా ఉన్న కొసలు ఎన్ని, 1వ కార్బన్ ఖాళీగా ఉన్నవి ఎన్ని అన్నది బొమ్మ మీదే లెక్కించి రాసి ఉంచుకోండి; 4వ పాఠం ఆ రెండు అంకెలతో మొదలవుతుంది.