ప్రాక్టికల్స్‌కు ముందు ల్యాబ్ లాగిన్: రోమింగ్ ప్రొఫైల్స్ విషయంలో జాగ్రత్తలు

మామూలు రోజుల్లో పిల్లలు ఒక్కొక్కరుగా ల్యాబ్‌కు వచ్చి కూర్చుంటారు. ప్రాక్టికల్స్ రోజు మాత్రం బ్యాచ్ మొత్తం ఒకే నిమిషంలో లాగిన్ అవుతుంది. సెమిస్టర్ అంతా కనబడని లోపం ఆ రోజు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదురుగా బయటపడుతుంది. తెర మీద తిరిగే చుక్కలను చూస్తూ పావుగంట పోగొట్టుకున్న విద్యార్థి ఆ టెన్షన్‌లో తనకు తెలిసిన ప్రోగ్రామ్ కూడా మర్చిపోతాడు. అందుకే ల్యాబ్ ఇన్‌చార్జ్‌లు, టెక్నీషియన్లు ఈ పనిని కనీసం పది రోజుల ముందే మొదలుపెట్టాలి.

ముందు లెక్క వేసుకోండి. రోమింగ్ ప్రొఫైల్ అంటే లాగిన్‌లో విద్యార్థి ఫైళ్లు సర్వర్ నుంచి సిస్టమ్‌లోకి కాపీ అవుతాయి, లాగాఫ్‌లో మారినవి వెనక్కి వెళ్తాయి. 60 సిస్టమ్‌లు, ఒక్కో ప్రొఫైల్ 500 ఎంబీ అనుకుంటే మొత్తం 30 జీబీ. సర్వర్ గిగాబిట్ లైన్ మీద ఉంటే, అన్నీ బాగున్నా 4 నిమిషాలు పడుతుంది. అదే లైన్ 100 మెగాబిట్స్‌కు పడిపోతే 40 నిమిషాలు. కేబుల్‌లో ఒక్క జత తీగలు తెగినా, క్రింపింగ్ (కేబుల్ కొనకు కనెక్టర్ బిగించడం) సరిగా లేకపోయినా గిగాబిట్ లైన్ అలా పడిపోవచ్చు. నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సర్వర్‌లోనూ, ప్రతి సిస్టమ్‌లోనూ నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిచి స్పీడ్ చూడండి. 1 జీబీపీఎస్ కనబడాల్సిన చోట 100 ఎంబీపీఎస్ కనబడితే ముందు కేబుల్ మార్చండి.

అసలు బరువు ఎక్కువగా ప్రొఫైల్ లోపలే ఉంటుంది. డెస్క్‌టాప్ మీద సినిమాలు, డౌన్‌లోడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు తేలిగ్గా కంటపడతాయి. కంటపడనివే ఎక్కువ బాధపెడతాయి. ఆండ్రాయిడ్ స్టూడియో వాడినవాళ్ల గ్రేడిల్ ఫోల్డర్, వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు, మినీ ప్రాజెక్టులోని నోడ్ మాడ్యూల్స్ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. ఒక పెద్ద ఫైల్ కన్నా అదే సైజులో వేల చిన్న ఫైళ్లు కాపీ కావడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. పాత హార్డ్ డిస్క్ మీద నడిచే సర్వర్ అయితే మరీ కష్టం. ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగ్స్ దాచుకునే యాప్‌డేటాలో లోకల్ ఫోల్డర్ మామూలుగా సర్వర్‌కు వెళ్లదు, రోమింగ్ ఫోల్డర్ వెళ్తుంది. సర్వర్‌లో ప్రొఫైల్స్‌ను సైజు ప్రకారం పేర్చి, పెద్దవాటిని ఆ విద్యార్థి పక్కనుండగా శుభ్రం చేయించండి. అతనికి చెప్పకుండా ఏదీ తీసేయొద్దు. అందులో అతని ప్రాజెక్టు ఉండవచ్చు.

శాశ్వత మందు ఫోల్డర్ రీడైరెక్షన్. గ్రూప్ పాలసీలో (సర్వర్ నుంచే అన్ని సిస్టమ్‌లకు సెట్టింగ్స్ పెట్టే చోటు) డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను సర్వర్ షేర్‌కు, అంటే సర్వర్‌లో నెట్‌వర్క్ ద్వారా తెరుచుకునే ఫోల్డర్‌కు, మళ్లిస్తే అవి లాగిన్‌లో కాపీ కావు, తెరిచిన ఫైల్ మాత్రమే వస్తుంది. అయితే ఫైళ్లను కూడా తరలించే ఆప్షన్ పెడితే పాలసీ వర్తించిన మొదటి లాగిన్ మామూలు కన్నా ఎక్కువ సేపు పడుతుంది. పరీక్ష ముందు రోజు దీన్ని ఆన్ చేయడం ప్రమాదం. ముందే ఆన్ చేసి, అందరినీ ఒకసారి లాగిన్ చేయించండి. ల్యాబ్ సిస్టమ్‌లు అందరూ వాడేవి కాబట్టి ఆ ఫోల్డర్లకు ఆఫ్‌లైన్ ఫైల్స్ (సర్వర్ ఫైళ్ల కాపీని సిస్టమ్‌లోనూ ఉంచే సదుపాయం) ఆపేయండి.

చాలా ల్యాబుల్లో జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. పరీక్ష వస్తోందని సీ డ్రైవ్ యూజర్స్‌లోని ఫోల్డర్లన్నీ డిలీట్ చేసేస్తారు. దాంతో, సిస్టమ్‌లో కాపీ ఉంటే మారిన ఫైళ్లు మాత్రమే రావాల్సింది, ప్రొఫైల్ మొత్తం మళ్లీ దిగాల్సి వస్తుంది. పైగా ఫోల్డర్ పోయినా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) దాని ఎంట్రీ మిగిలిపోతుంది కాబట్టి విండోస్ విద్యార్థి ఫైళ్లు లేని తాత్కాలిక ప్రొఫైల్ ఇవ్వవచ్చు. తీయాల్సిందే అనుకుంటే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని యూజర్ ప్రొఫైల్స్ నుంచి తీయండి.

డీఎన్‌ఎస్ (పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే సేవ) కూడా చూడండి. నెట్ రావడం లేదని ఎవరో గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి వదిలేసిన సిస్టమ్‌కు డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌ను సరిచూసే సర్వర్) ఎక్కడుందో తెలియదు, లాగిన్ సాగుతూనే ఉంటుంది. డీఎన్‌ఎస్ డొమైన్ సర్వర్‌కే చూపించాలి. బ్యాటరీ అయిపోయిన మదర్‌బోర్డుల్లో గడియారం తప్పుతుంది. సర్వర్ గడియారంతో తేడా 5 నిమిషాలు దాటితే లాగిన్‌కే అడ్డు రావచ్చు.

ఒక ల్యాబ్‌లో విండోస్ 7, ఇంకో ల్యాబ్‌లో విండోస్ 10 ఉంటే పరీక్ష ఏ ల్యాబ్‌లో జరుగుతుందో విద్యార్థులకు ముందే చెప్పండి. మొదటిది వీ2 అనే చివరతో, రెండోది కొత్త వెర్షన్లలో వీ6 అనే చివరతో వేర్వేరు ప్రొఫైళ్లు తయారుచేసుకుంటాయి. రీడైరెక్షన్ లేకపోతే ఒక ల్యాబ్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైల్ ఇంకో ల్యాబ్‌లో కనబడదు.

రెండు మూడు రోజుల ముందు ఒక రిహార్సల్ పెట్టండి. బ్యాచ్ మొత్తం, ఎవరి పరీక్ష సిస్టమ్‌లో వాళ్లు, ఒకేసారి లాగిన్ కావాలి. ఆలస్యమైన సిస్టమ్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి యూజర్ ప్రొఫైల్ సర్వీస్ సందేశాలు చదవండి. 1511 అని ఉంటే తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చిందని అర్థం. రిహార్సల్ బాగా సాగకపోతే మొండిగా వెళ్లకండి. పరీక్షకు లోకల్ అకౌంట్లు (ఆ సిస్టమ్‌లోనే ఉండే లాగిన్లు) తయారుచేసి, ఆన్సర్ ఫైళ్లు సర్వర్ షేర్‌లో సేవ్ చేయించడం ఎంతో నయం.

పరీక్ష రోజు ఎవరి డెస్క్‌టాప్ అయినా ఖాళీగా, కొత్తగా కనిపిస్తే వాళ్లను టైప్ చేయనివ్వకండి. తాత్కాలిక ప్రొఫైల్‌లో సేవ్ చేసినవి లాగాఫ్‌తో పోతాయి. అప్పటికే మొదలుపెట్టి ఉంటే ఫైల్‌ను ముందు సర్వర్ షేర్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే సిస్టమ్ మార్చండి. పరీక్ష ముగిశాక వరుసల వారీగా లాగాఫ్ చేయించండి. చివరి సిస్టమ్ లాగాఫ్ పూర్తయ్యే వరకు మెయిన్ స్విచ్ ఆపొద్దు. కరెంటు పోయినా కాపీ ఆగిపోకుండా సర్వర్‌తో పాటు ల్యాబ్ నెట్‌వర్క్ స్విచ్‌కు, సిస్టమ్‌లకు కూడా యూపీఎస్ ఉండేలా చూసుకోండి.