ట్యూబ్ ఓవర్‌డ్రైవ్ పెట్టాక ఆసిలేటర్ శృతి తప్పుతోందా? ముందు గ్రౌండ్ చూడండి

యూరోర్యాక్‌లో (మాడ్యూల్స్ బిగించుకునే సింథ్ ర్యాక్) 12ఏఎక్స్7 వాక్యూమ్ ట్యూబ్‌తో ఓవర్‌డ్రైవ్ కట్టుకున్నవాళ్ళందరికీ ఒకటే మాట, ఏదీ విప్పకముందు మీటర్ తీసి ట్యూబ్ 4, 5 పిన్నుల మధ్య 12 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. ఈ ఒక్క పని చెయ్యకుండా కెపాసిటర్లన్నీ మార్చేసి వస్తుంటారు.

సౌండే లేదు

ఆ 12 వోల్టులు లేకపోతే హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగ) వెలగట్లేదు, అంతే. బోర్డు మీద ఉన్నాయి గానీ ట్యూబ్ దగ్గర లేవంటే సాకెట్ బోర్డుకి రెండో వైపు సోల్డర్ చేసుంటారు, డేటాషీట్‌లో పిన్నులు కింద నుంచి చూసినట్టు గీస్తారు కాబట్టి వరస తిరగబడిపోతుంది. రష్యన్ 6ఎన్2పి పెట్టారా? దాని హీటర్ 6.3 వోల్టులది, 12 ఇస్తే మాడిపోతుంది.

డ్రైవ్ తగ్గించినా గరగరే

సింథ్ సిగ్నల్ 10 వోల్టుల దాకా ఊగుతుంది, 12 వోల్టుల ప్లేటుతో నడిచే ట్యూబ్‌కి అది చాలా ఎక్కువ. ఇన్‌పుట్‌లో 100కె, 10కె రెసిస్టర్లతో డివైడర్ వేసి సిగ్నల్ తగ్గించండి.

పక్క వీసీఓ (వోల్టేజ్‌తో పిచ్ మారే ఆసిలేటర్) శృతి తప్పుతోంది

నన్ను రెండు వారాలు ఏడిపించింది ఇదే. ఓవర్‌డ్రైవ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంటుంది, కానీ స్విచ్ వెయ్యగానే వీసీఓ పిచ్ జారుతూ జారుతూ కాసేపటికి ఒక చోట నిలబడుతుంది, అది కూడా పాత చోట కాదు, దాంతో వీసీఓ పాడైందనుకుని దాని ట్రిమ్మర్ (శృతి సరిచేసే చిన్న స్క్రూ) తిప్పుతూ కూర్చున్నాను.

తప్పు హీటర్ కరెంటుది. ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) మాడ్యూల్స్ తీసుకునే కరెంటు చాలావరకు ప్లస్ 12 నుంచి మైనస్ 12కి పోతుంది, గ్రౌండ్‌లోకి పెద్దగా రాదు. హీటర్ అలా కాదు, ప్లస్ 12కీ గ్రౌండ్‌కీ మధ్య కడితే దాని 150 మిల్లీఆంప్‌లూ గ్రౌండ్ మీదుగానే వెనక్కి వెళ్ళాలి. రిబ్బన్ కేబుల్, బస్ బోర్డు (మాడ్యూల్స్‌కి పవర్ పంచే బోర్డు) కలిపి 0.1 ఓమ్ ఉన్నా 15 మిల్లీవోల్టులు పడతాయి, ఆక్టేవ్‌కి ఒక వోల్ట్ లెక్కలో అది 18 సెంట్లు (సెమిటోన్‌లో నూరో వంతు ఒక సెంట్), చెవికి స్పష్టంగా తెలుస్తుంది. చల్లటి హీటర్ రెసిస్టెన్స్ బాగా తక్కువ కాబట్టి మొదట్లో ఇంకా ఎక్కువ లాగుతుంది, పిచ్ జారేది అందుకే.

ఖాయం చేసుకోవడానికి మీటర్‌ని 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ సప్లై గ్రౌండ్ టెర్మినల్‌కి, ఇంకోటి వీసీఓ గ్రౌండ్‌కి పెట్టి రీడింగ్ రాసుకోండి. పవర్ ఆపి, ట్యూబ్ పీకి, మళ్ళీ ఆన్ చేసి చూడండి. రీడింగ్ పడిపోతే దొంగ దొరికినట్టే.

హీటర్ గ్రౌండ్ ట్రాక్‌ని బోర్డులో కోసేసి, అక్కడి నుంచి విడిగా ఒక లావు వైరు నేరుగా సప్లై గ్రౌండ్‌కి లాగండి, బస్ బోర్డుకి మాత్రం కాదు. రెండు ట్యూబ్‌లుంటే ఇంకా సులువు, రెండు హీటర్లనీ సిరీస్‌లో ప్లస్ 12, మైనస్ 12 మధ్య కట్టేస్తే గ్రౌండ్‌కి పనే ఉండదు. ఒకటే ఉంటే రెండోదాని బదులు 82 ఓమ్ 5 వాట్ రెసిస్టర్, కాకపోతే బాగా వేడెక్కుతుంది, కెపాసిటర్లకి దూరంగా పెట్టండి, మైనస్ 12 సప్లైలో ఇంకో 150 మిల్లీఆంప్‌లు మిగులున్నాయో లేదో కూడా ముందే చూసుకోండి.

తడితే ట్యూబ్ టింగుమంటే మైక్రోఫోనిక్స్, ఇంకో ట్యూబ్ పెట్టండి. మిగతావి అరుదు, వాటి వెంట పడొద్దు.

నాలాగా వీసీఓ ట్రిమ్మర్ తిప్పేసి ఉంటే దాన్ని మళ్ళీ శృతి చెయ్యాల్సిందే, ర్యాక్ ఆన్ చేసి ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చాక.