ఇంటికి హీట్ పంప్ పెట్టుకుంటున్నారా? విశాఖలో అదనపు లోడుకు దరఖాస్తు చేసే విధానం

హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొన్నా, గీజర్ తీసేసి హీట్ పంప్ వాటర్ హీటర్ పెట్టుకున్నా మిషన్ ఇంటికి రాకముందే చూసుకోవాల్సింది మీ కరెంటు సర్వీసులో ఎంత లోడు రాసి ఉందన్నది. విశాఖలో పాత ఫ్లాట్లు చాలావాటికి కట్టినప్పుడు తీసుకున్న ఒకటి రెండు కిలోవాట్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. అప్పుడు ఇంట్లో నాలుగు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ. ఇప్పుడు బెడ్రూంకో ఏసీ. ఈ తేడాను సరిచేసుకోవడానికి మనకు కరెంటు ఇచ్చే సంస్థ ఈపీడీసీఎల్‌కు పెట్టుకునేదే అదనపు లోడు దరఖాస్తు.

హీట్ పంప్ అంటే కొత్త వింత కాదు. మన ఏసీ గదిలోని వేడిని లాగి బయట పడేస్తుంది. అదే గ్యాసు ప్రయాణాన్ని ఒక వాల్వుతో తిప్పితే బయటి గాలిలోని వేడిని లాగి గదిలోకి తెస్తుంది. కరెంటును కాల్చి వేడి పుట్టించదు, ఉన్న వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. విశాఖలో గది వేడి చేసుకోవాల్సిన రోజులు లేవనే చెప్పాలి. ఇక్కడ ఎండాకాలంలో చల్లదనం, చలికాలంలో స్నానానికి వేడినీళ్లు, ఈ రెండే అవసరాలు. అరకు, లంబసింగి వైపు ఇల్లున్నవాళ్లకు మాత్రం గది వేడి కూడా కావాలి. వాళ్లదీ ఈపీడీసీఎల్ పరిధే, దరఖాస్తూ ఇదే.

ముందు మీ బిల్లు తీయండి. అందులో సర్వీసు నంబరు, కేటగిరీ, కాంట్రాక్టెడ్ లోడు (అంటే మీ సర్వీసుకు రాసి ఉన్న లోడు) ఉంటాయి. ఆ నెలలో మీ ఇల్లు ఒకేసారి లాగిన గరిష్ఠ లోడును మీటరు నమోదు చేసి ఉంటే అదీ కనిపిస్తుంది, దాన్ని ఆర్‌ఎండీ అంటారు. మే నెల బిల్లు దొరికితే అదే చూడండి, డిసెంబరు బిల్లు చూసి మోసపోవద్దు. రాసి ఉన్న లోడు కంటే ఆర్‌ఎండీ ఎక్కువ వస్తుంటే ఎలాగూ నోటీసు వస్తుంది. అంతకుముందే మనం వెళ్లడం మేలు.

ఇక అసలు విషయం. దరఖాస్తులో రాయాల్సింది మిషన్ ఇచ్చే చల్లదనం కాదు, అది తీసుకునే కరెంటు. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు, మా ఇంట్లోనూ అదే జరిగింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చన్నీళ్లు పడవు. ఎండాకాలంలో ఉక్కకు నిద్ర పట్టదు. అందుకని ఒకటిన్నర టన్ను హాట్ అండ్ కోల్డ్ ఏసీ, దాంతోపాటు హీట్ పంప్ వాటర్ హీటర్ కొన్నాం. షాపులో ఒక కుర్రాడు ఫారం నింపి ఇచ్చాడు. ఏసీ ఎదురుగా 5,200 వాట్లు అని రాశాడు, నేను సంతకం పెట్టేశాను. ఆ ఒక్క అంకె వల్ల మా లోడు ఎనిమిది కిలోవాట్లు దాటింది, దరఖాస్తు త్రీ ఫేజ్ కిందికి వెళ్లిపోయింది. మీటరు మార్చాలి, వైరింగ్ మార్చాలి అన్నారు. దాన్ని రద్దు చేయించి మళ్లీ పెట్టేసరికి ఏప్రిల్ మొత్తం పోయింది. అమ్మ ఆ నెలంతా టెర్రస్ మీద చాప వేసుకుని పడుకుంది.

తర్వాత మేడ మీదికెక్కి అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న స్టిక్కరు చదివాను. పై వరసలో కూలింగ్ కెపాసిటీ 5,200 వాట్లు. దాని కింద హీటింగ్ కెపాసిటీ, అదీ అయిదు వేల పైనే. ఇంకా కిందికి వస్తే చిన్న అక్షరాల్లో పవర్ ఇన్‌పుట్ 1,560 వాట్లు. దరఖాస్తులో రాయాల్సింది ఈ చివరిదే. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల చల్లదనం, కాబట్టి ఒకటిన్నర టన్ను మిషన్ మీద అయిదు వేల పైచిలుకు అంకె ఉండటం సహజం. దాన్ని లోడు అనుకోకూడదు. స్టిక్కరు మీద మ్యాక్సిమమ్ ఇన్‌పుట్ అని విడిగా ఉంటే ఆ అంకె తీసుకోండి. ఇన్వర్టర్ మిషన్లు మండుటెండలో మామూలు కంటే ఎక్కువే లాగుతాయి.

వాటర్ హీటరు విషయంలో ఇంకో మెలిక ఉంది. కంప్రెసర్ లాగేది ఒక కిలోవాటు లోపే అయినా చాలా మోడళ్లలో లోపల గీజరులో లాంటి హీటింగ్ ఎలిమెంట్ ఒకటి బ్యాకప్‌గా ఉంటుంది. అది విడిగా ఒకటిన్నర, రెండు కిలోవాట్లు తీసుకుంటుంది. విశాఖ వాతావరణంలో దాని అవసరం రాదు. మెకానిక్ చేత దాన్ని ఆఫ్‌లో పెట్టించుకోవచ్చు. వాడుతుంటే మాత్రం లెక్కలో కలపండి. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే రాత్రులు ఉంటాయి. అప్పుడు అవుట్‌డోర్ కాయిల్‌కు మంచు పట్టి మిషన్ మధ్యమధ్యలో ఆగి కరిగించుకుంటుంది. అక్కడివాళ్లు ఎలిమెంట్‌ను కలపకుండా లోడు రాయొద్దు. తీసేసిన పాత గీజరు రెండు కిలోవాట్లను జాబితాలోంచి కొట్టేయడం కూడా మర్చిపోవద్దు.

మొత్తం అయిదు కిలోవాట్ల లోపు ఉంటే సింగిల్ ఫేజే సరిపోతుంది. దాటితే త్రీ ఫేజ్. నాలుగున్నర వస్తే అయిదుకు రాయించుకోండి.

దరఖాస్తు మీసేవ కేంద్రంలో చేయొచ్చు, ఈపీడీసీఎల్ వెబ్‌సైట్‌లోనూ చేయొచ్చు. తాజా బిల్లు, ఆధార్, ఫోను నంబరు తీసుకెళ్లండి. ఇంటి పత్రం లేదా ఆస్తి పన్ను రసీదు జిరాక్సు కూడా వెంట ఉంచుకోండి. అద్దెకున్నవాళ్లు ఓనరు చేత అంగీకారపత్రం రాయించుకోవాలి. సర్వీసు ఇంకా పాత ఓనరు పేరునో, పోయిన పెద్దల పేరునో ఉంటే ముందు పేరు మార్పిడి చేయించండి. దానికి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం అడుగుతారు. ఇది లోడు పని కంటే ఎక్కువ రోజులు పట్టే పని, అందుకే ముందు చెబుతున్నాను.

ఫారంలో సర్వీసు నంబరు, ఇప్పుడున్న లోడు, కావలసిన లోడు అడుగుతారు. కొన్నిచోట్ల మొత్తం అడుగుతారు, కొన్నిచోట్ల పెంచాల్సింది మాత్రమే అడుగుతారు. మూడు నుంచి అయిదుకు వెళ్లాలంటే మొదటిచోట 5 అని, రెండోచోట 2 అని రాయాలి. ఆపరేటరు టైపు చేశాక స్క్రీన్ మీద మీరే చదువుకోండి. కట్టే డబ్బులో దరఖాస్తు రుసుము, డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ అని మూడు పద్దులు ఉంటాయి. డిపాజిట్ మన డబ్బే. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం దాని మీద వడ్డీ ఇవ్వాలి. రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకుని ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ తర్వాత ఫైలు మీ ప్రాంతం సెక్షన్ ఆఫీసుకు, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) దగ్గరికి వెళ్తుంది. లైన్‌మన్ వచ్చి మీటరు, సర్వీసు వైరు చూస్తారు. ఆయన వచ్చేలోపు ఎలక్ట్రీషియన్‌తో ఇంట్లో పని పూర్తి చేయించండి. ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే విడి ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. వాటర్ హీటరు తడి ఉండే చోట పెడతారు కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ తప్పనిసరిగా పెట్టించండి. ఈ ఒక్క విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు.

అపార్ట్‌మెంటువాళ్లకు ఇంకో పని ఉంది. కింద ప్యానెల్ బోర్డు నుంచి ఫ్లాటు దాకా వచ్చే వైరు కొత్త లోడుకు ఆగుతుందా అన్నది చూపించుకోవాలి. బిల్డింగుకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అందరి లోడూ కలిపి దాని సామర్థ్యం దాటకూడదు. అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి. అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ బిగిస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఉంటే ఉప్పు గాలికి దాని సన్నటి లోహపు రెక్కలు తొందరగా పాడైపోతాయి. సముద్రం ఎదురుగా కాకుండా గోడ చాటున పెట్టించి, నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో మనకు గుర్తే, స్టాండును గట్టిగా బోల్టు వేయించండి. ఆ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు నిధులతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. అలాంటి వీధుల్లో సర్వీసు కేబుల్ మార్చాల్సి వస్తే పని కాస్త పెరుగుతుంది, ముందే అడిగి తెలుసుకోండి.

గడువు విషయానికొస్తే, కేంద్రం 2020లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది, 2024 ఫిబ్రవరిలో వాటిని సవరించింది. దరఖాస్తు పూర్తిగా ఉంటే కొత్త కనెక్షన్‌కైనా, ఉన్న కనెక్షన్‌లో మార్పుకైనా మెట్రోపాలిటన్ ప్రాంతంలో 3 రోజులు, మిగతా మున్సిపల్ ప్రాంతాల్లో 7, గ్రామాల్లో 15, కొండ ప్రాంతాల గ్రామాల్లో 30 రోజులు మించకూడదు. కొత్త లైను వేయాల్సి వస్తే లెక్క వేరు.

లోడు పెంచితే బిల్లు పెరిగిపోతుందన్న భయంతో చాలామంది ఆగిపోతున్నారు. 2022 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారులకు ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటుకు నెలకు 10 రూపాయలు. మూడు నుంచి అయిదుకు వెళ్తే 20 రూపాయలు పెరుగుతుంది, అంతే. దాని పక్కన మిగిలేది చూడండి. అయిదు బకెట్లు, అంటే వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కు తేవాలంటే గీజరుకు మూడున్నర యూనిట్లు పడుతుంది. హీట్ పంప్‌కు ఒకటి పైచిలుకు చాలు. నెలకు 70 యూనిట్లు తగ్గినట్టు. నెలకు 330 యూనిట్లు కాల్చే ఇంట్లో ఆ 70 యూనిట్లూ 8.75 రూపాయల స్లాబులోంచే పోతాయి, 612 రూపాయలు మిగులుతాయి. సర్దుబాటు చార్జీలు వేరే.

పని అయ్యాక వచ్చే బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు దగ్గర కొత్త అంకె ఉండాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ నంబరుతో 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడ లాయరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద విషయం రాసి, రసీదు, స్టిక్కరు ఫోటో, పాత బిల్లు, కొత్త బిల్లు జత చేసి ఇస్తే చాలు.